ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు

అమెరికావాళ్ళకు సినిమా చూడడం చేతకాదని నేను చాలా ఏళ్ళు నమ్మాను. నమ్మి ఊరుకున్నా పోయేది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఏ పుట్టినరోజు భోజనానికి పిలిచినా, నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే చాలు, ఆ మాట ఎత్తేవాణ్ని. వాళ్ళకు సినిమా అంటే పాప్‌కార్న్ తినడానికి ఒక సాకు, మనకైతే ప్రాణం అని వాదించేవాణ్ని. ఎవరైనా తలూపితే ఇంకో రెండు ఉదాహరణలు చెప్పేవాణ్ని. ఆ మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చి బాధపెడుతున్నాయి. నా తెలివితక్కువతనం వల్ల నష్టపోయింది నేనొక్కణ్నే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. మా నాన్న కూడా నష్టపోయాడు.

మా నాన్న సినిమా ఆపరేటరు. గుడివాడ వైపు మా ఊరి రేకుల హాల్లో బొమ్మ ఆడించినవాడు. అలాంటివాడి కొడుకునై ఉండి, సినిమా చూడడం గురించి రెండు దేశాల్లోనూ తప్పుగా మాట్లాడాను.

న్యూజెర్సీలో నా మొదటి వేసవిలో, జూలైలో ఒక సాయంత్రం, మాల్‌లో ఉన్న మల్టీప్లెక్సుకు వెళ్ళాను. హాలు నిండా జనం. బయట ఉక్కపోత, లోపల స్వెట్టర్ కావాలనిపించేంత చలి. ముందు ఇరవై నిమిషాలు రాబోయే సినిమాల ట్రైలర్లే వేశారు. ఆ తర్వాత అసలు బొమ్మ మొదలైతే ఒక్కరు కిక్కురుమనలేదు. హీరో తెర మీదికి వచ్చినా ఈల లేదు, కాగితం ముక్క ఎగరలేదు. మధ్యలో ఆపకుండా రెండు గంటలూ ఏకబిగిన ఆడించేశారు. అయిపోయాక కొందరు సీట్లలోనే కూర్చుని చివరి పేర్లన్నీ పైకి వెళ్ళేదాకా చూశారు. నేను మాత్రం వీళ్ళకు సినిమా అంటే ప్రేమ లేదని తేల్చేసుకుని లేచి వచ్చాను. ఎడిటరు పేరు, ఎలక్ట్రీషియను పేరు, లారీ తోలినవాడి పేరు కూడా వచ్చేదాకా ఓపిగ్గా కూర్చోవడం కూడా ప్రేమే అని ఆ రోజు తట్టలేదు. ఆపరేటరు కొడుక్కి అందరికన్నా ముందు తట్టాల్సిన సంగతి అది.

మా ఊరి హాలు నా మనసులో అంత గట్టిగా ఉండిపోయింది. వేసవిలో మ్యాట్నీకి వెళ్ళడమంటే కష్టాన్ని కోరి కొనుక్కోవడమే. రేకులు కాలిపోతుంటే పైన ఫ్యాన్లు వేడిగాలినే తిప్పేవి. వెలుతురు పడకుండా తలుపులకు నల్లగుడ్డ తెరలు వేసేవాళ్ళు కాబట్టి గాలి వచ్చే దారే ఉండేది కాదు. నేల టికెట్టువాళ్ళు చొక్కాలు విప్పి భుజాన వేసుకునేవాళ్ళు. ఆడవాళ్ళ వైపు నుంచి విసనకర్రల చప్పుడు, చంటిపిల్లల ఏడుపు వినిపించేవి. అయినా జనం వచ్చేవాళ్ళు. సెకండ్ షో సంగతి వేరు. చీకటి పడ్డాక పక్క తలుపులన్నీ బార్లా తీసేవాళ్ళు. కాలవ మీది గాలి హాలు ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని చూసేవాళ్ళు. అర్ధరాత్రి దాటాక ఇంటికి నడిచి వెళ్తుంటే రోడ్డంతా సినిమా కబుర్లే.

నేను ఎక్కువ సినిమాలు చూసింది హాల్లో కాదు, క్యాబిన్లో. మేడ మెట్లెక్కి వెళ్తే ఇరుకు గది, రెండు ప్రొజెక్టర్లు. అప్పటికి ఇంకా కార్బన్లతోనే వెలుగు. రాగి పూత పూసిన రెండు కార్బన్ కడ్డీల కొసలు దగ్గరికి చేరిస్తే మధ్యలో కన్ను చెదిరే మంట పుట్టేది. ఆ మంట వెలుగే తెర మీద బొమ్మ అయ్యేది. కడ్డీలు అరిగిపోతున్నకొద్దీ వాటి మధ్య దూరం పెరగకుండా మర తిప్పుతూ ఉండాలి. ఏమరితే తెర మసకబారుతుంది. నాన్న నల్లద్దం లోంచి మంట చూసి, కిటికీ కన్నం లోంచి తెర చూసి, మళ్ళీ మంట చూసేవాడు. రెండు వేల అడుగుల రీలు ఇరవై రెండు నిమిషాల్లో అయిపోతుంది. అయిపోయే ముందు తెరకు కుడివైపు పైమూలలో ఒక చుక్క మెరుస్తుంది. అది కనపడగానే రెండో ప్రొజెక్టరు మోటారు వేయాలి. ఇంకో చుక్క మెరిసిన క్షణంలో బొమ్మను దీని మీంచి దాని మీదికి మార్చాలి. కింద కూర్చున్నవాడికి మారినట్టు తెలియకూడదు. మే నెలలో ఆ గదిలో నాన్న బనీను మీద తడితువాలు వేసుకుని నిలబడేవాడు. తువాలు ఆరిపోతే నేను మళ్ళీ తడిపి తెచ్చేవాణ్ని. ఇంటర్వెల్ అయితేనే ఆయన కూర్చునేది. క్యాంటీను కుర్రాడు గోలీసోడా పైకి తెచ్చి ఇచ్చేవాడు. దాంతోపాటు రెండు సమోసాలు.

రీలు తెగితే, కరెంటు పోయి జనరేటరు అందుకునేలోపు తెర నల్లబడితే, కింద నుంచి ఈలలు, కేకలు. ఆపరేటర్ని తిట్టిన తిట్లు క్యాబిన్లోకి స్పష్టంగా వినిపించేవి. నాన్న మాట్లాడకుండా తెగిన చోట ఫిల్మును గీకి, గమ్ము పూసి, అతికించి మళ్ళీ ఎక్కించేవాడు. చేతులు వణికేవి కావు. మెడ మాత్రం ఎర్రబడేది. నేను గోడవైపు తిరిగి నిలబడేవాణ్ని.

తర్వాత అమెరికాలో నేను గొప్పగా చెప్పుకున్నది ఆ గోల గురించే. ఆ గోలలో మా నాన్నని తిట్టిన తిట్లు కూడా ఉన్నాయని నేను ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా గుర్తు చేసుకోలేదు. దూరాన ఉన్నప్పుడు మనకు కావలసిన ముక్కలే ఏరుకుని ఊరు అంటాం. నేను ఈలలు ఏరుకుని, తిట్లు వదిలేశాను.

మన వేసవి సినిమాకు ఒక లెక్క ఉంది. అది కేవలం ఆవేశం మీద నడిచిందని అనుకోవడం నా రెండో పొరపాటు. పరీక్షలు అయిపోతాయి, ఏప్రిల్ నాలుగో వారంలో బడులు మూస్తారు, జూన్ 12 దాకా పిల్లలు ఇంట్లోనే. డెల్టాలో దాళ్వా కోతలై చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. పెళ్ళిళ్ళకు చుట్టాలు దిగుతారు. ఇంటినిండా జనం ఉంటే సినిమాకు వెళ్ళక ఏం చేస్తారు? నిర్మాతలకు ఇది బాగా తెలుసు. ‘అడవి రాముడు’ 1977 ఏప్రిల్ 28న వచ్చింది. ‘పోకిరి’ 2006లో అదే తారీఖున, ‘బాహుబలి 2’ 2017లో అదే తారీఖున. మే 9 కూడా అలాంటిదే. ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న విడుదలైతే, అదే రోజు తుఫాను కోస్తాను ఊపేసింది. వానల్లోనూ ఆ సినిమా నిలబడింది. మరుసటేడు అదే రోజున ‘గ్యాంగ్ లీడర్’ వచ్చింది.

‘అడవి రాముడు’కి నాన్న కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాడు. పాట వస్తే తెర మీదికి చిల్లర విసిరేవాళ్ళని, ఆట అయ్యాక హాలు ఊడ్చేవాళ్ళు ఆ డబ్బులు ఏరుకునేవాళ్ళని చెబుతాడు. అమెరికాలో ‘స్టార్ వార్స్’ విడుదలైంది సరిగ్గా ఆ వేసవిలోనే, మే 25న. మొదటి రోజు ఆ దేశం మొత్తం మీద 32 హాళ్ళలోనే వేశారు. తర్వాత జనం వీధుల చుట్టూ బారులు తీరారు. ఈ రెండు సంగతులూ నాకు విడివిడిగా తెలుసు. ఒకే ఎండాకాలంలో రెండు దేశాల కుర్రాళ్ళు ఒకే రకంగా వెర్రెత్తిపోయారని ఎన్నడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఇక ఇంటికి వెళ్ళినప్పుడు నేను చేసింది తలకిందుల పని. ఎడిసన్‌లో మన హాలు, మన గోల అంటూ గుండెలు బాదుకున్నవాణ్ని, ఊళ్ళో అడుగు పెట్టగానే ఏసీ అడిగాను. న్యూజెర్సీలో బడులు జూన్ మూడో వారం దాటితే గానీ మూయరు. పిల్లలున్న వాళ్ళం ఇంటికి వెళ్ళాలంటే జూలైలోనే. అప్పటికి మన వేసవి అయిపోయి, బడులు తెరిచి, ఊళ్ళో నాట్లు పడుతుంటాయి. మన వేసవి సినిమాని మేమేమో ఏప్రిల్ చలిలో జాకెట్లు వేసుకుని ఇక్కడి హాల్లో చూసేస్తాం. అలా నేను మా ఊరి వేసవిని ఏళ్ళ తరబడి చూడనే లేదు. అయినా దాని మీద అధికారం ఉన్నట్టు మాట్లాడాను.

వెళ్ళిన ప్రతిసారీ నాన్న ఒకటే అడిగేవాడు, “ఓసారి మన హాలుకి పోదాంరా.” ఉక్కగా ఉంది నాన్నా అనేవాణ్ని. దోమలు, పిల్లలు ఉండలేరు అనేవాణ్ని. కారు మాట్లాడి అందర్నీ విజయవాడ మాల్‌కి తీసుకెళ్ళేవాణ్ని. నాన్న వచ్చి కూర్చునేవాడు. బొమ్మ మొదలయ్యే ముందు ఒకసారి వెనక్కి తిరిగి క్యాబిన్ కిటికీ వైపు చూసేవాడు. అక్కడ మనిషి ఉండడు. నేను ఆ చూపును చాలాసార్లు చూశాను గానీ అడగలేదు.

అప్పటికి ఫిల్ము పోయింది. మన దగ్గర యూఎఫ్ఓ, క్యూబ్ అనే డిజిటల్ పెట్టెలు వచ్చి ప్రింట్లు ఆగిపోయాయి. ఊరి నుంచి ఊరికి ఆర్టీసీ బస్సులో రావాల్సిన ఫిల్ము బాక్సు ఇక రాలేదు. అమెరికాలోనూ అదే కాలం. 2014 మొదటికి ఫిల్ము ప్రింట్లు పంపడం మానేసిన మొదటి పెద్ద స్టూడియో పారామౌంట్ అయింది. నాన్న పని పోయింది. కంప్యూటరు నొక్కడానికి హాలు ఓనరు ఇంకో కుర్రాణ్ని పెట్టాడు. “వాడికి చుక్క తెలీదురా” అని నాన్న ఫోన్లో అంటే, ఇప్పుడు చుక్కతో పనేముంది నాన్నా అన్నాను. మూడు పదుల ఏళ్ళు ఆయన కన్ను ఆ చుక్క కోసమే కాచుకుని ఉందని నాకు తెలిసి కూడా అన్నాను.

2019 మే మొదట్లో అమ్మానాన్నలు న్యూజెర్సీ వచ్చారు. మన ఎండలు తప్పించుకోవడానికి, ఇక్కడ పిల్లల సెలవుల్లో మనవల్ని చూసుకోవడానికి పెద్దవాళ్ళు వచ్చేది ఆ నెలల్లోనే. నేను నాన్నకు సినిమా చూపించాలని తొందరపడ్డాను. తెలుగు సినిమా, వెనక్కి వాలే కుర్చీలు, గోడంత తెర. ఆయన ముఖం చూస్తూ కూర్చున్నాను, మెచ్చుకోవాలని.

బొమ్మ సగానికి వచ్చింది. తెర మీద ‘విశ్రాంతి’ అని పడింది. నాన్న లేచి బయటికి వెళ్ళాడు. ఇక్కడి హాళ్ళలో ఆ అక్షరాలు నాలుగు క్షణాలు కనపడి మాయమవుతాయి, సినిమా ఆగదు. ఇంకెవరూ లేవలేదు. మా వాళ్ళు చూస్తున్నారని నాకు తల కొట్టేసినట్టయింది. ఎంతకీ రాకపోతే నేనూ వెళ్ళాను. లాబీలో గోడవారగా నిలబడి, జనం బయటికి రావడం కోసం చూస్తున్నాడు. అక్కడ ఎవరూ లేరు. పాప్‌కార్న్ అమ్మే పిల్ల ఫోన్ చూసుకుంటోంది.

“నాన్నా, ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు. చెప్పకుండా వచ్చేస్తే ఎట్లా?” అన్నాను. నా గొంతు కటువుగానే ఉంది.

నాన్న ఏమీ అనలేదు. లోపలికి వచ్చాడు. ఇంటికి వెళ్తుంటే కార్లో అడిగాడు, “మరి క్యాంటీనువాడు ఎట్లా బతుకుతాడ్రా?”

నేను సమాధానం చెప్పలేదు. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోకుండా, ఇక్కడ లెక్కలు వేరే నాన్నా అని తప్పించుకున్నాను. ఒక వృత్తిలో బతుకంతా గడిపినవాడు, సాటి పనివాడి కూడు గురించి అడిగిన ప్రశ్న అది. ఆయన సినిమా హాలును లోపలి నుంచి చూశాడు. నేను రెండు దేశాల్లోనూ కుర్చీలోంచే చూశాను.

అంతకు కొన్నాళ్ళ ముందే మా అమ్మాయి నా నమ్మకం తప్పని చెప్పింది. ఏప్రిల్ చివర్లో ‘అవెంజర్స్: ఎండ్‌గేమ్’ మొదటి ఆటకు స్నేహితులతో వెళ్ళి గొంతు బొంగురుపోయి వచ్చింది. హాలంతా లేచి నిలబడి అరిచారు డాడీ, పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా ఏడ్చారు అంది. నేను చిన్నపిల్ల పెంచి చెబుతోందని కొట్టిపారేశాను. నేను మొదటి రోజు ఎప్పుడూ ఇంగ్లీషు సినిమాకు వెళ్ళనే లేదు. తెలుగు సినిమాకు ప్రీమియర్ రాత్రే వెళ్ళాలి, ఇంగ్లీషు సినిమాకు మూడో వారం మధ్యాహ్నం ఖాళీ హాలుకు వెళ్ళాలి. అలా వెళ్ళి, వీళ్ళకు సందడి లేదని తీర్పు ఇచ్చాను. మా ఊళ్ళో ఎత్తేసే ముందు రోజు మ్యాట్నీ చూసినవాడు కూడా అదే మాట అంటాడు.

మా పక్కింటాయన ప్రతి వేసవీ ఒకసారి పిలిచేవాడు. పెన్సిల్వేనియాలో ఓర్‌ఫీల్డ్ అనే చోట డ్రైవ్-ఇన్ ఉంది, పిల్లల్ని తీసుకుని రండి అని. ఆరుబయట కారులో కూర్చుని సినిమా చూడడమేమిటని నేను ఏటా ఏదో వంక చెప్పేవాణ్ని. ఆ జూన్ చివర ఆయన మా నాన్నని పిలిచాడు. కంచె దగ్గర ఇద్దరూ చేతులతో, ముక్కల ఇంగ్లీషుతో ఏం మాట్లాడుకున్నారో గానీ, నాన్న వచ్చి “శనివారం వెళ్తున్నాం” అన్నాడు.

డ్రైవ్-ఇన్ పుట్టిందే న్యూజెర్సీలో. కామ్డెన్ దగ్గర రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ అనే ఆయన 1933 జూన్ 6న మొదటిది తెరిచాడు. 1950ల చివర్లో దేశం మొత్తం మీద నాలుగు వేలకు పైగా ఉండేవి. ఇప్పుడు ఇంచుమించు మూడు వందలే మిగిలాయి. మేం వెళ్ళింది 1934లో తెరిచిన షాంక్‌వైలర్స్. ఇప్పటికీ నడుస్తున్న వాటిలో అన్నిటికన్నా పాతది. పచ్చిక మైదానం, చివర పెద్ద తెర. కార్లు వరసలుగా నిలబెట్టి, వెనక తలుపులు ఎత్తి, అందులో దుప్పట్లు పరుచుకుంటున్నారు. కొందరు మడత కుర్చీలు వేసుకున్నారు. పిల్లలు రాత్రి పడుకునే బట్టల్లోనే వచ్చి తెర ముందు బంతి ఆడుతున్నారు. నాన్న దిగి ఒకసారి చుట్టూ చూసి, “సైకిల్ స్టాండులో బొమ్మ వేసినట్టుంది” అన్నాడు. అమ్మ నవ్వింది. నేను ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి చెబితే, సైకిల్ స్టాండు అంటే ఏమిటో పక్కింటాయనకు వివరంగా చెప్పాల్సి వచ్చింది. హాలు ఓనరు దాన్ని ఏటా పాట పెట్టేవాడని, క్యాంటీనూ అంతేనని, ఊరి హాలు ఆ రెంటి మీదే ఊపిరి పీల్చుకునేదని నాన్న చెబుతుంటే నేను అనువదించాను.

పక్కింటాయన అప్పుడు చెప్పాడు. ఆయన బడిలో ఉండగా వేసవి సెలవుల్లో ఇలాంటి డ్రైవ్-ఇన్ క్యాంటీన్లోనే పని చేశాడట. అమెరికాలో చాలామంది కుర్రాళ్ళు మొదటి జీతం సినిమా హాల్లోనే అందుకుంటారు. టికెట్టు డబ్బుల్లో, కొత్త సినిమా మొదటి వారాల్లో మరీ, సగానికి పైగా సినిమావాళ్ళకే పోతుంది. హాలువాడికి మిగిలేది పాప్‌కార్న్, కూల్‌డ్రింకుల మీదే. బొమ్మకు ముందు వేసే ట్రైలర్ల వల్ల ఆలస్యంగా వచ్చేవాడికి కూడా కొనుక్కునే వీలు దొరుకుతుంది. మన దగ్గర ఊరి హాళ్ళకు ఎక్కువగా పంపిణీదారు వారానికింత అని అద్దె కడతాడు, ఇక్కడ వాటా. నాన్న ప్రశ్నకు జవాబు దొరికింది. నేను చెప్పాల్సింది పక్కింటాయన చెప్పాడు.

తొమ్మిది కావస్తోంది. జూన్ చివర ఇక్కడ ఎనిమిదిన్నర దాటితే గానీ పొద్దు గుంకదు. చీకటి పడందే డ్రైవ్-ఇన్‌లో బొమ్మ వేయలేరు. వేసవిలో అది ఆడేదే మన సెకండ్ షో వేళ. మాటలు కారు రేడియోలో వినిపిస్తాయి, ఎఫ్ఎంలో. మిణుగురులు తిరుగుతున్నాయి. గాలి మొదలైంది. అమ్మ మా చిన్నవాణ్ని ఒళ్ళో వేసుకుని జోకొడుతోంది. దూరంగా ఎవరో పిల్లాడు ఏడిస్తే ఎవరూ విసుక్కోలేదు. నేను ఇన్నేళ్ళు అమెరికాలో లేదని ఏకరువు పెట్టినదంతా ఆ మైదానంలో ఉంది. రమ్మంటే రానన్నది నేనే.

మొదటి సినిమా పిల్లల బొమ్మ. అది అయిపోయింది. తెర మీద పదినిమిషాలు అని పడింది. క్యాంటీను ప్రకటనలు వచ్చాయి. కార్లలోంచి జనం దిగి దీపాలున్న వైపు నడిచారు. డ్రైవ్-ఇన్‌లో ఒక టికెట్టుకు రెండు సినిమాలు వేస్తారు, మధ్యలో ఇంటర్వెల్ ఇస్తారు. నాన్న నా వైపు చూశాడు. “ఉందిగా” అన్నాడు. ఎత్తిపొడవలేదు, సంతోషంగానే అన్నాడు.

పక్కింటాయనా నాన్నా క్యాంటీను దాకా కలిసి నడిచారు. ఆ కట్టడంలోనే ప్రొజెక్టరు గది. గాజు వెనక ఒక డిజిటల్ పెట్టె పని చేస్తోంది. నాన్న అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. ఇక్కడ కూడా చిన్న హాళ్ళవాళ్ళు ఈ మిషను కొనలేక మూసేశారని పక్కింటాయన చెప్పాడు. ఇద్దరికీ నేను మధ్యలో నిలబడి మాటలు మార్చి చెబుతూ ఉన్నాను. ‘స్టార్ వార్స్’ వచ్చిన వేసవిలో ఆయన పదహారేళ్ళవాడు. మళ్ళీ మళ్ళీ చూశాడట. నాన్న అదే ఏడు తన మొదటి పెద్ద సినిమా ఆడించాడు. 1977 అని ఇద్దరూ వేళ్ళతో గాల్లో రాసి చూపించుకున్నారు. ఇద్దరికీ మధ్య నేను చెప్పాల్సింది అప్పుడేమీ మిగల్లేదు.

తర్వాత నేను కొంచెం చదివాను. అమెరికాలో ఒకప్పుడు వేసవి సినిమాకు చచ్చుకాలం. ఉక్కకు తట్టుకోలేక హాళ్ళే మూసేసేవాళ్ళు. 1925 మే చివర న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని రివోలీ హాల్లో విలిస్ క్యారియర్ చల్లగాలి యంత్రం పెట్టాక వేసవిలో జనం హాలుకు పరిగెత్తసాగారు. బొమ్మ ఏదైనా సరే, చల్లదనం కోసం వచ్చారు. 1975 జూన్ 20న ‘జాస్’ను టీవీలో హోరెత్తించి, నాలుగు వందలకు పైగా హాళ్ళలో ఒకేసారి దించాక వేసవే పెద్ద సినిమాల కాలమైంది. అంటే వాళ్ళూ ఎండకు భయపడే హాలుకు వచ్చారు. మనం కాలవగాలికి సెకండ్ షోకి వెళ్ళాం. వాళ్ళ నిశ్శబ్దాన్ని జాతి లక్షణమనీ, మన గోలను సంస్కృతి అనీ చెప్పడానికి ముందు ఈ పాటి కనుక్కుని ఉండాల్సింది.

నాన్న అక్టోబరులో తిరిగి వెళ్ళాడు. వచ్చే ఏడు మేలో పిల్లల బడి మానిపించి అయినా వస్తాను, మన హాల్లో సెకండ్ షో చూద్దాం అని మాట ఇచ్చాను. 2020 మార్చిలో కరోనాతో హాళ్ళు మూతపడ్డాయి. మా ఊరి హాలు మళ్ళీ తెరవలేదు. ఇప్పుడది ఎరువుల గోదాము. పెద్దవాణ్నయ్యాక ఒక్కసారి కూడా నేను ఆ హాల్లో నాన్న పక్కన కూర్చోలేదు. ఇక కూర్చోలేను. నా తెలివితక్కువతనం ఖరీదు అది.

ఇప్పుడు వేసవి ముఖమే మారిపోయింది. 2008లో మొదలైన ఐపీఎల్ సరిగ్గా ఏప్రిల్, మే సాయంత్రాలను తీసుకుంది. 2024 మేలో ఎన్నికలు కూడా కలిసి, పెద్ద సినిమాలు రాక, తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు కొన్నాళ్ళు తలుపులు వేసుకున్నాయి. మే 9న రావాల్సిన ‘కల్కి’ జూన్ 27కి వెళ్ళింది. మరుసటేడు మేలో అద్దె వద్దు, టికెట్టులో వాటా కావాలని హాళ్ళవాళ్ళు పట్టుబట్టి, మూసేస్తామని ప్రకటించి, ఆ తర్వాత వెనక్కి తగ్గారు. నాన్న ఆ వార్త చదివి నాకు ఫోన్ చేశాడు. అద్దె మీద నడిచే హాలులో బొమ్మ పోయినా పంపిణీదారుకే నష్టం, వాటా అయితే హాలువాడు కూడా మునుగుతాడు, తేలితే ఇద్దరూ తేలతారు అని విడమరిచి చెప్పాడు. ఈసారి నేను విన్నాను. తెలియనివి అడిగాను. గంటసేపు మాట్లాడాడు.

ఇంటికి వెళ్ళే తెలుగువాళ్ళకు నాదొక విన్నపం. మీ ఊళ్ళో పాత హాలు ఇంకా నడుస్తుంటే, మీ అమ్మానాన్నల్ని తీసుకుని ఈసారే వెళ్ళండి. మాల్ మరోసారి చూడొచ్చు. వాళ్ళు ఎక్కడ కూర్చుందామంటే అక్కడే కూర్చోండి. ఏసీ లేకపోతే సెకండ్ షోకి వెళ్ళండి.